ఇరవై రెండు మంది మొగుళ్ల సినిమా

చిన్నపోలయ్యకు యాభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే తీరిక లేకపోయిందంటాడు. ఇంతకంటే తీరికైన మనిషిని నేను చూడలేదు. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల చినిగిన వలలు బాగుచేస్తుంటాడు. తనకంటూ వల లేదు. ఉన్నా లాభం లేదు. పులికాట్ సరస్సులో రొయ్యలకు పోవడానికి మా ఊళ్లో ఇంటికొక వంతు. ఆ వంతు పెళ్లయిన మగవాడికే ఇస్తారు. మొగుడు పోయిన ఇంటికి వంతు పోదు, ఆమె తన తరఫున అన్ననో తమ్ముణ్ణో పంపుకోవచ్చు. పెళ్లాం లేనివాడిది మాత్రం ఇల్లే కాదని మా పెద్దల తీర్మానం.

అలాంటి చిన్నపోలయ్య ఏడాదికొక సాయంత్రం మొగుడయ్యేవాడు. నాయుడుపేట లెక్చరర్ ఒకాయన రాసిన నాటకంలో. అందులో మనుషులు ఇద్దరే. మొగుడు సరస్సు మీద నుంచి ఇంటికొస్తాడు. పెళ్లాం తలుపు గడియ వేసి, కిటికీలోంచి "నువ్వు నా మొగుడివి కాదు" అంటుంది. గంటన్నర సేపు అదే గొడవ. చివరికి తను తనేనా అని వాడికే అనుమానం పుడుతుంది. పెళ్లాం వేషం మస్తానమ్మది. ఎండుచేపలు అమ్ముకుంటుంది, నిజం మొగుడు పోయి ఎనిమిదేళ్లయింది. గంగమ్మ తిరునాళ్లలో ఆరేళ్లుగా చూసి చూసి మాకందరికీ నాటకం కంఠతా వచ్చు. అయినా చిన్నపోలయ్య వణుకుతూ "నేను నేను కాదా?" అంటే నాకు ఒళ్లు జలదరించేది. అబద్ధమెందుకు.

ఆ నాటకాన్ని ఎవరో పట్నంలో ఏసీ ఫ్లాటులో సినిమాగా తీశారు. ఆడలేదు. ఏసీ గదిలో చల్లగా కూర్చున్నవాళ్లను చూసి ఎవరు భయపడతారు? నిరుడు బిందు అనే కొత్త డైరెక్టరమ్మ దాన్నే మళ్లీ తీస్తానని వచ్చింది. మస్తానమ్మ ఇంట్లోనే, నాటకం వేసిన ఆ ఇద్దరితోనే అంది. చిన్నపోలయ్య క్షవరం చేయించుకుని కొత్త లుంగీ కొన్నాడు. వారం రోజులు ఎవరి వలా ముట్టుకోలేదు.

ఇంతలో ఊరి పెద్ద కామయ్య అందర్నీ పిలిపించాడు.

"ఊళ్లోకి ఏ పనొచ్చినా అది అందరిదీ. ఇరవై రెండిళ్లు, మొగుడి వేషం ఇంటికొక రోజు. చీటీలు వేసేద్దాం" అన్నాడు.

బిందు నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి భయపడింది. "సినిమాలో ఉండేది ఒక్క మొగుడండీ. రోజుకొకరు మారితే ఎలా?"

"ఆయమ్మి చెప్పేది గూడా అదే గదమ్మా, నా మొగుడు కాదని. మనిషి మారితేనే గదా ఆ మాట నిజమయ్యేది!" అన్నాడు కామయ్య.

బిందు రెండు నిమిషాలు ఆలోచించింది. ఉన్నట్టుండి ఆమె మొహం వెలిగిపోయింది. సీనుకొక మొహంతో మొగుడొస్తే ఆ ఆడమనిషికి ఎంత భయం, ఇంతకంటే ఏం కావాలి అంది. చీటీలు వేశారు. చిన్నపోలయ్య పేరు అందులో లేదు. పెళ్లి కానివాడికి మొగుడి వంతు ఎలా ఇస్తారు? అది అందరికీ న్యాయంగానే కనిపించింది. నాకూ కనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చిన్నపోలయ్య అన్నం మానేశాడు. తీరా షూటింగ్ మొదలయ్యాక మొగుళ్లలో ఒక్కడికీ నాలుక తిరగలేదు. కంఠతా వచ్చిన నాటకం కెమెరా ముందు గాలికి పోయింది. చివరికి వెనక తలుపు చాటున చిన్నపోలయ్యనే కూర్చోబెట్టి మాటలు అందించమన్నారు. తన వేషానికి తనే మాటలు అందిస్తూ కూర్చున్నాడు.

మూడో రోజు మొగుడు ఈ గొడవంతా ఎందుకని ఆధార్ కార్డు తీసి మస్తానమ్మకు చూపించాడు. ఏడో రోజు నాది. ఆమె "నువ్వు నా మొగుడివి కాదు" అనగానే బయట నుంచి నా పెళ్లాం "కాదు, నా మొగుడే" అని కేకేసింది. మూడు టేకులు పోయాయి. అప్పుడే నేనొకటి గమనించాను. మస్తానమ్మ నా మొహం చూడటం లేదు. తలుపు చాటు నుంచి మాట వినపడగానే, నేను నోరు తెరవకముందే, అటు తిరిగి జవాబిస్తోంది.

ఇరవై రెండో రోజు చీటీ మస్తానమ్మ ఇంటికే వచ్చింది. ముందు రోజు సాయంత్రం కామయ్య అందరి ముందూ అడిగాడు.

"నీ ఇంటి తరపున ఎవుర్ని పంపతావు మస్తానమ్మా? తమ్ముడికి ఫోన్ చెయ్యి."

"చిన్నపోలయ్యను పంపతా."

"చిన్నపోలయ్య నీకు ఏ వరస?"

"మొగుడి వరస."

కామయ్య పకపకా నవ్వాడు. "సినిమాలో సంగతి మాకూ తెలుసులేమ్మా. నిజం వరస చెప్పు."

"నిజమే చెప్తా ఉండా మామా. సినిమాకేముంది, రేపటితో అయిపోతాది."

అందరం చిన్నపోలయ్య వైపు తిరిగాం. ఇరవై ఒక్క మందికి మాటలు అందించిన మనిషి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పక్కనే ఉన్న నాకు ఆగలేదు. "సరే అనవయ్యా" అని చెవిలో అందించాను.

"సరే" అన్నాడు.

మర్నాడు పొద్దున ఊరంతా ఆ ఇంటి ముందే ఉంది. చిన్నపోలయ్య కొత్త లుంగీతో గుమ్మంలోకి వచ్చాడు. మస్తానమ్మ గడియ వేసి కిటికీలోంచి అతని మొహంలోకి చూసింది.

"డైలాగ్ అమ్మా. నువ్వు నా మొగుడివి కాదు" అంది బిందు.

"నిన్న ఊరందరి ముందర అవునని చెప్పినా గదమ్మా. పొద్దున్నే కాదని ఎట్ట చెప్పేది?"

"ఇది యాక్టింగ్ అమ్మా."

"ఇన్నాళ్లూ యాక్టింగే. అందుకే నోరు తిరిగింది."

మధ్యాహ్నం దాకా బతిమాలారు. కామయ్య కోప్పడ్డాడు. చివరికి చిన్నపోలయ్యే చేతులు జోడించాడు. "ఒక్కసారి అనవే, నీకు పుణ్యముంటాది. నేను నీ మొగుణ్ణి కాదని అను. అనకపోతే సినిమా ఆగిపోతాది." అలా అంటూనే అతని కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి.

ఆమె అననే లేదు.