ఈరన్న డాక్టరు పోయవలసిన మొదటి చెంబు

ఎమ్మిగనూరు డాక్టరు ఈరన్నగారు ఇక లేరన్న దుర్వార్త సోమవారం ఉదయం ఆదోనిలో నా ఆసుపత్రికి చేరింది. చేతిలోని స్టెతస్కోపు బల్లమీద పెట్టి ఎమ్మిగనూరుకు బయలుదేరాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. అది ఇంకా తగ్గలేదు. ఆయనను పొట్టన పెట్టుకున్నది క్షయ. ఆ క్షయకు మందును జయించే విద్య నేర్పినది మన వైద్యులే. నిన్నటి సంతాపసభలో ఈ మాట అంటే, "సమయం, సందర్భం చూడాలి కదా" అన్నారు అధ్యక్షులు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

స్ట్రెప్టోమైసిన్ సూది వచ్చిన కొత్తలో అందరమూ అమృతం దొరికిందనుకున్నాం. మగ్గం దగ్గర రక్తం కక్కిన నేతగాడు కొన్నాళ్లకే లేచి కూర్చునేవాడు. ఈరన్నగారు మద్రాసు నుంచి వైద్యపత్రికలు తెప్పించుకుని శ్రద్ధగా చదివేవారు. ఆ సూది ఒక్కటే వేస్తే కొంతకాలానికి క్రిములు దానికి లొంగడం మానేస్తాయనీ, తోడుగా మరో మందు, ఒక చేదు పొడి, ఇవ్వాలనీ, రోగి కోలుకున్నట్టు కనిపించినా నెలల తరబడి ఆపకూడదనీ పరిశోధనలు తేల్చిన సంగతి మాకు మొదట చెప్పింది ఆయనే.

"సూది ఒంటిగా వేసినామంటే జబ్బును బడికి పంపినట్లేనప్పా. సదువుకున్న జబ్బు మన మాట వింటాదా?" అనేవారు.

మనవాళ్లు నవ్వారు. "ఈరన్న పత్రికను చూసి మందిస్తాడు, మనం మనిషిని చూసి ఇస్తాం" అన్నాడొక పెద్ద డాక్టరు. రోగికి సూది కావాలి, మనకు హస్తవాసి పేరు కావాలి. తోడుగా చేదు పొడి మింగమంటే రోగి పక్కవీధికి పోతాడు. ఇదీ మన శాస్త్రం!

రోగులతో ఆయన పోరు వేరు. జబ్బు తగ్గాక తలకు నీళ్లు పోసి పథ్యం విడవడం మనవైపు ఆచారం. ఆ తర్వాత మందు ముట్టడమంటే పోయిన జబ్బును పేరు పెట్టి పిలవడమే. నేతపని చేసే రంగప్పకు కాస్త ఒళ్లు రాగానే అతని భార్య లచ్చుమక్క నీళ్ల కాగు కింద మంట పెట్టింది. ఆ వేళకు ఈరన్నగారూ నేనూ అక్కడికి వెళ్లాం.

"దగ్గు పోయె, అన్నం తింటాండాడు. ఇంగేం జబ్బు సామీ?" అంది.

"జబ్బు పోలేదమ్మా, దాపెట్టుకోనుంది. దినామూ ఒంటికి పోసుకోనీ, వద్దనను. తలకు పోసేది మాత్రం నేనొచ్చి పోస్తా. మొదటి చెంబు నాది. అంతదాకా పొడి మానేది లేదు."

ఆచారాన్ని ఆయన ఎగతాళి చేయలేదు. దాన్నే మందుకు కాపలా పెట్టారు. తర్వాత ఇంటింటా అదే ఒప్పందం. ఆయన చెంబెత్తిన రోజు ఆ వీధికి పండుగ.

ఇతరుల ఒంటి సూదులు పనిచేయడం మానేశాక ఆస్పరి నుంచీ దేవనకొండ నుంచీ రోగులు చివరికి ఆయన గడపే తొక్కేవారు. వాళ్లలో ఎవరి నుంచో, సూదికి లొంగని ఆ జబ్బే ఆయనకంటింది. సూది ఆయన మీద మొదటినుంచీ పనిచేయలేదు. చేదు పొడి ఒక్కటే ఏం చేయగలదు? నేను ఆ రోగులను తిట్టబోతే ఆయాసపడుతూనే ఆపారు. "వాళ్లకేం తెలుసునప్పా? తెలిసినోళ్లం మనం."

నిన్న సభలో ఆ నవ్విన డాక్టరే పటానికి మాల వేసి "వైద్యనారాయణుడు" అన్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడు! ఈ ఉదయం ఆ డాక్టరు దగ్గరనుంచి వచ్చిన క్షయరోగి నా ముందు కూర్చున్నాడు. ఇప్పటికీ ఒంటి సూదే.

ఆ సోమవారం ఈరన్నగారి అంతిమస్నానం వేళ రంగప్ప వచ్చి, ఇంటివాళ్లనడిగి, తన చేత్తో ఒక చెంబు పోశాడు. "నాకు పోస్తానంటివి కద సామీ" అని భోరుమన్నాడు. అతనికి ఇంకా నెలల మందు మిగిలి ఉంది. మానవద్దనీ, మొదటి చెంబు నేనొచ్చి పోస్తాననీ చెప్పాను. అతను కళ్లు తుడుచుకుని నా వైపు అనుమానంగా చూశాడు.

"నువ్వు గూడా ఆ పేపర్లు సదువుతావా సామీ?"

చదువుతానన్నాను. ఈరన్నగారి లోటు తీరేది కాదు. ఆ మహనీయునికి నా నమస్సులు. వైద్యసోదరులారా, మాలలు చాలు. రంగప్ప అడిగినదానికి జవాబు చెప్పండి.