మూడో ఛాంబర్ నుంచి వచ్చిన ముక్కలు

అనుమానం పెనుభూతం అంటారు. నాకు తెలిసిన భూతం అదొక్కటే. మా ఇంట్లో ప్రార్థనలు ఉండేవి గానీ దయ్యాల కబుర్లు ఉండేవి కావు. పైగా నా పని నెట్‌వర్క్‌లు. లాగ్‌లో, అంటే యంత్రం తనంతట తానే రాసుకునే చిట్టాలో, లేనిది జరగలేదనే నమ్ముతాను. ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడింది కూడా అందుకే. ఈ సంగతి లాగ్‌లో ఉంది.

హనుమాన్ జంక్షన్‌లో నాకు చిన్న సర్వీసు షాపు ఉంది. నూజివీడు నుంచి మైలవరం వెళ్ళే దారిలో మామిడికాయలను ఛాంబర్లనే మూసిన గదుల్లో మగ్గబెట్టే యూనిట్ ఒకటుంది. పళ్ళు కొనే విదేశీ కంపెనీ అడిగిందని ఓనరు గారు కిందటి సీజన్‌లో నాచేత కంప్యూటర్లకు కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టించారు.

ముక్కల దాడిని పట్టుకునే సెట్టింగ్ నేనే ఆన్ చేశాను. చెక్‌పోస్టులో లారీని ఆపితే దొరికిపోయే సరుకును పది ఆటోల్లో విడివిడిగా దాటించినట్టు, దొంగలు డేటాను ముక్కలు చేసి పంపుతారు. ఫైర్‌వాల్ వాటిని ఆపి, కలిపి చూడాలి. మొదటి ముక్క రాకపోతే మిగతావి పారేసి నాకు అలర్ట్ పంపాలి.

మర్నాడే వచ్చింది అలర్ట్, ఉదయం పది గంటల పది నిమిషాలకు. ఆ మర్నాడూ అదే సమయానికి. మొదటి ముక్క లేదు, చివరివి మాత్రమే ఉన్నాయి. వస్తున్నది బయటినుంచి కాదు, మూడో ఛాంబర్ కంప్యూటర్ అడ్రసు నుంచి. దాన్ని వాడిన ఛాంబర్ల ఇన్‌ఛార్జి ఏసుపాదం గారు అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయారు. కంప్యూటర్‌ను స్టోర్‌రూమ్‌లో పడేశారు.

ఆ గది తాళం సువర్ణ గారి దగ్గర ఉంటుంది. కాయ ఎంత మగ్గిందో చూసే పని ఆవిడది. ఏసుపాదం గారి దగ్గరే నేర్చుకున్నారు. నా అనుమానం నేరుగా ఆవిడ మీదికే పోయింది. ఓనరు గారికి చెప్పాను కూడా.

"మీరు ఒక్క ఆధారం చూపించండి, రేపటినుంచి రావద్దని చెప్పేస్తాను" అన్నారాయన.

పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. అదేమీ నాకప్పుడు తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆధారం కోసం వెళ్ళి స్టోర్‌రూమ్ తెరిపించాను. కంప్యూటర్ నిండా దుమ్ము. హార్డ్‌డిస్క్ లేదు, కరెంటు వైరు కూడా లేదు. సరే, ఆ అడ్రసును ఇంకో చోటునుంచి దొంగతనంగా వాడుతున్నారనుకున్నాను. సువర్ణ గారిని నా ఎదురుగా కూర్చోబెట్టి, మూడో ఛాంబర్ వైపు వెళ్ళే కేబుల్ నా చేత్తోనే పీకేశాను. ఆవిడ చేతిలో టీ గ్లాసు తప్ప ఏమీ లేదు.

పదీ పదికి అలర్ట్ వచ్చింది. రోజూ నాలుగైదు వచ్చి ఆగేవి. ఆ రోజు ఆగలేదు, వస్తూనే ఉన్నాయి.

"ఎన్నింటికి వస్తున్నాయండీ అవి?" అని అడిగారు సువర్ణ గారు. చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టారు.

"ఆ టైముకే ఏసుపాదం గారు కంప్యూటర్‌లో రీడింగ్ ఎక్కించి, మూడో ఛాంబర్ తలుపు తీసి గాలి వదిలేవారండీ. ఫ్యాన్ పెట్టాక గాలి కోసమని ఎవరం తీయట్లేదు."

మగ్గుతున్న కాయలు వదిలే గాలి లోపలే నిలిచిపోతే మనిషి ప్రాణానికే ముప్పు. ఆ గాలిని బయటికి తోసేందుకే ఫ్యాన్. ప్యానెల్ మీద అది తిరుగుతున్నట్టే పచ్చలైటు వెలుగుతోంది. వెనక్కి వెళ్ళి చూస్తే ఫ్యాన్ ఆగిపోయి ఉంది. తలుపు తీయించాం. ఎలక్ట్రీషియన్ గాలిని కొలిచే మీటరు పెట్టి చూసి, గంటసేపు ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు.

రోజూ పదిన్నరకు శాంపిల్ కాయల కోసం ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళేది సువర్ణ గారే.

తలుపు తీసిన నిమిషంలోనే అలర్ట్‌లు ఆగిపోయాయని తర్వాత లాగ్‌లో చూశాను. ఓనరు గారికి ఆధారం దొరకలేదని చెప్పాను. సువర్ణ గారిని క్షమించమని అడిగితే, "మీ పనే అనుమానించడం కదండీ" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

కొత్త ఫ్యాన్ పెట్టినా రోజూ పదీ పదికి ఆవిడే తలుపు తీసి గాలి వదులుతున్నారు. అలర్ట్‌లు రాలేదు. వైరులో లోపమనుకున్నాను, నా సెట్టింగే తప్పనుకున్నాను. ఒక్కటీ అతకలేదు. ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒక ఆదివారం సువర్ణ గారు తలుపు సంగతి వేరేవాళ్ళకు అప్పగించి చర్చికి వెళ్ళారు. వాళ్ళు మరిచిపోయారు. సోమవారం నేను లాగ్ తెరిచాను.

ఆదివారం, పదీ పది. మూడో ఛాంబర్. మొదటి ముక్క లేదు.