బియ్యం డబ్బాలో తాళాల గుత్తి

ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే నోరు రాదు.

మాది పాతబస్తీలో మొఘల్‌పురా. ఇంటి వెనక నాలుగు బర్రెలు, ముందు గదిలో పాల అమ్మకం. నా చిన్నప్పుడే అమ్మ పోతే నన్ను పెంచింది మా మేనత్త. పాలగది, బీరువా, నెయ్యి అల్మారా, అన్నిటి తాళాలూ ఒకే గుత్తిలో ఆమె నడుముకు వేలాడేవి. గుత్తి ఎవరి దగ్గరుంటే ఇంట్లో వాళ్లదే మాట. బాపు ఏదైనా ఆమెనే అడిగేవాడు. నాకు పంతొమ్మిదేళ్లొచ్చినా, పెద్దవాళ్లు మాట్లాడుకునేటప్పుడు నన్ను లోపలికి పొమ్మనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు పొద్దున అత్త స్నానానికి పోతూ గుత్తిని మేకుకు తగిలించింది. నేను తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకు? ఆట పట్టిద్దామనా? కాదు. ఆటే అయితే ఒక్కసారితో ఆగేదాన్ని. వారం తర్వాత చింతపండు జాడీలో పెట్టాను. ఆ తర్వాత మళ్లీ బియ్యంలోనే.

మూడోసారి దొరికేసరికి, పాలకు వచ్చినవాళ్లు వాకిట్లో గిన్నెలతో నిలబడి ఉన్నారు. బాపు చిరాకు పడుతున్నాడు. బియ్యపు దుమ్ము అంటిన చేతులతో అత్త నా దగ్గరికొచ్చింది.

"బిడ్డా, నిజం చెప్పు. బియ్యంల నేనే పెట్టిన్నా?"

"నువ్వే పెట్టినవ్ అత్తా. నేను చూసిన."

ఆమె కాసేపు నన్నే చూసింది. తర్వాత గుత్తి నా చేతిలో పెట్టి, "ఇగ ఇంటికి పెద్దదానివి నువ్వే," అంది.

దాచినందుకు కాదు, ఆ "చూసిన" అన్న మాటకే నాకు నిద్ర పట్టదు. అత్తకు అప్పటికి యాభై కూడా నిండలేదు. ఆ రోజు నుంచి తన మీద తనకే నమ్మకం పోయింది. పత్తర్‌గట్టి బజారు దాకా ఒక్కతే నడిచిపోయి చీరలు బేరమాడి తెచ్చే మనిషి, దారి తప్పుతానేమోనని గడప దాటడం మానేసింది. కూర ముందు నిలబడి "ఉప్పేసిన్నా?" అని నన్ను అడిగేది. నేను పెద్దరికంగా జవాబు చెప్పేదాన్ని. బాపు నన్ను సలహా అడుగుతుంటే లోపల మస్తు సంతోషంగా ఉండేది. అది కూడా చెప్పాలి కదా.

ఆమెకు తెలుసా? ఆ చూపును ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తేలదు. తెలిసే గుత్తి ఇచ్చిందేమో. మరి తెలిస్తే, పోయేదాకా ఉప్పు సంగతి నన్నెందుకు అడిగింది?

ఇప్పుడు నాకు యాభై ఏడు. పోయిన నెల మా ఇంటి తాళాలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దొరికాయి. "నువ్వే పెట్టినవ్ అమ్మా," అంది మా అమ్మాయి. చాలా మెత్తగా అంది. ఆ మెత్తదనం నాకు తెలుసు. అప్పటినుంచి దాన్ని ఓ కంట కనిపెడుతున్నాను. తాళాలకు దారం చుట్టి, ముడి గుర్తుపెట్టుకుంటున్నాను. అది వంటింట్లోకి పోతే ఏదో పని ఉన్నట్టు నేనూ పోతున్నాను. ఆఫీసు నుంచి అలసి వచ్చే పిల్ల, దానికేం అవసరం? నాకు మాత్రం ఏం అవసరం ఉండింది? నిలదీద్దామంటే, "గిట్లాంటి ఆలోచన నీకెట్ల వచ్చింది?" అని అడుగుతుందేమోనని భయం. అది చేసి ఉంటే కోపం. చేయకపోతే ఇంకా భయం, నిజంగానే నా మతి పోతోందన్నమాట.

అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నేను మరిచిపోతే, అత్త మతి చక్కగానే ఉండిందని చెప్పడానికి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

ఆమె పోయి ఇరవై ఏళ్లు. మన్నించమని అడగడానికి నాకు మొహం లేదు. ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం చెబుతున్నాను.

బియ్యంల నువ్వు పెట్టలేదు అత్తా. నేనే పెట్టిన.