తూములో గొంతు

సెలవులకు వచ్చినప్పుడు ఎండిన కాలువలో క్రికెట్ ఆడుకుంటామని ఫోన్‌లో అడిగారు కదా. ఆడుకోండి. కట్ట కింద నుంచి పొలాలకు నీళ్లు పోయే తూముల్లోకి మాత్రం దూరకండి. ఎందుకో చెప్తాను. భయపెట్టడానికి కాదు.

మన పొలం కాలువకు చిట్టచివర ఉంది. గోదావరి మీది డ్యాంలో నీళ్లు తక్కువున్న ఏడు ఇంజనీర్లు లెక్క చూసుకుని, యాసంగి వరికి ఒక వారం నీళ్లు వదులుతారు, ఒక వారం ఆపుతారు. వదిలిన వారం కూడా పై ఊళ్ల తూములే అన్నీ తాగేస్తాయి. అలాంటి ఒక ఏడు, ఇక ఒక్క విడతే మిగిలింది. మన వరి పొట్టకొచ్చింది. ఆ నీళ్లు అందకపోతే గింజ పాలు పోసుకోదు, మిగిలేది తాలే.

అందుకని చివరి ఊళ్లవాళ్లు చేసే పనే మేమూ చేశాం. కాలువ ఎండి ఉండగానే పై ఊరికి పోయి, తూములో గడ్డి బస్తాలు కుక్కి రావడం. మూతి దగ్గర పెడితే కనిపిస్తాయి కాబట్టి మధ్యలో కుక్కాలి. ఆడమనిషి వెంట ఉంటే గడ్డికి వచ్చారనుకుంటారు. మీ తాత, ఆయన తమ్ముడు, నేను వెళ్లాం. మేకలకు కొమ్మలు కోసే, కొడవలి కట్టిన పొడుగు దోటి కూడా పట్టుకున్నాం. నీళ్లు మరునాడు వస్తాయని ఊరి వాట్సాప్ గ్రూపులో చెప్పారు.

మీ తాత సన్నటి మనిషి. కాలువ వైపు నుంచి తూములోకి పాకాడు. నేను కట్టకు ఇవతల, పొలం వైపు మూతి దగ్గర వంగి కూర్చున్నాను. అవతలి వెలుగు నాకు పళ్లెమంత గుండ్రంగా కనిపించేది. బస్తా కుక్కినప్పుడల్లా సన్నబడేది.

"వెలుగు కనవడుతాందా?" లోపలి నుంచి మీ తాత అడిగాడు.

"ఎడమ దిక్కు జరంత కనవడుతాంది."

"ఇప్పుడు?"

"లేదు. మొత్తం చీకటే."

అంతటితో మాట ఆగింది. మిట్టమధ్యాహ్నం, ఆకు కదలడం లేదు. కాసేపటికి మళ్లీ, "వెలుగు కనవడుతాందా?"

"లేదంటి కదా."

"వెలుగు కనవడుతాందా?"

అదే మాట, అదే సాగదీత. విసుగొచ్చి కట్ట ఎక్కాను. ఎక్కగానే దూరంగా కాలువ అడుగున తెల్లకొంగలు కనిపించాయి. వరుసగా నడుస్తూ మా వైపే వస్తున్నాయి. వాటి వెనక ఎండుటాకులు వాటంతట అవే కదులుతున్నాయి. నీళ్ల మొన అది. ఎండిన కాలువకు ఒక్కసారే వదిలితే కట్టలు తెగుతాయని, ముందురోజే కొంచెం కొంచెం వదిలారని తర్వాత తెలిసింది.

మీ తాత తూములో లేడు. తమ్ముడి పక్కన తుమ్మచెట్టు నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఎవలతోని మాట్లాడుతానవే?"

"నీతోనే! తూముల నుంచి అడుగుతనే ఉన్నవ్ కదా."

"నేను బయటికొచ్చి శానాసేపాయె."

మా మరిది నవ్వాడు. "వదినకు ఎండ దెబ్బ తాకింది. సోడా తాపియ్యన్నా."

మీ తాత పొలం వైపు దిగి తూము మూతికి చెవి పెట్టాడు.

"నా గొంతే," అన్నాడు మెల్లగా.

కట్ట ఎక్కి వచ్చి, దోటి అందుకుని కాలువలోకి దూకాడు. మా మరిది ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పిచ్చి లేసిందా అన్నా? నీళ్లొస్తానయ్. అండ్ల ఎవడుంటడు? బస్తాలు గుంజితే మన వరి ఎండుతది."

"ఉంటే?"

"నువ్వీడనే ఉన్నవ్ కదనే!"

"ఉంటే రా?"

ఆ తర్వాత తూము బయట నాకు ఆయన పాదాలే కనిపించాయి. మొదటి బస్తా కదలగానే ఆ గొంతు ఆగిపోయింది. అడుగుతున్నప్పటికంటే ఆగినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. కొంగలు మా పక్క నుంచే వెళ్లాయి, ఒక్కటీ తల తిప్పలేదు. నీళ్లకు నీళ్ల చప్పుడు లేదు. ఎవరో కాళ్లీడ్చుకుంటూ ఆకుల్లో నడుస్తున్నట్టుంది. నురగ, తెగిన చెప్పులు, వాడిన పూలదండలు తోసుకుంటూ నీళ్లు వచ్చి ఆయన మడమలను ముట్టాయి.

"వదినా, నువ్వూ పట్టు!" మా మరిది తిట్టుకుంటూనే అన్న కాళ్లు పట్టి లాగాడు. నేనూ దిగాను. ఆఖరి బస్తాతో పాటు మీ తాత బయటపడేసరికి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి.

నేను పొలం వైపు పరుగెత్తాను. తూములోంచి ముందు గడ్డి వచ్చింది, తర్వాత బురద, తర్వాత నీళ్లు. ఇంకేమీ రాలేదు. నీళ్లు తేటపడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ పొలం ముసలాయన వచ్చాడు. "ఎవలు బిడ్డా మీరు?"

"గడ్డికొచ్చినం పెద్దయ్యా."

"గడ్డేది మరి?" తడిసిన బస్తాలను చూశాడు, మమ్మల్ని చూశాడు. "పోనీ, నా తూము మంచిగ సాఫ్ జేసిన్రు."

ఆ విడత నీళ్లు మనకు ముందున్న ఊరి దాకా వచ్చి ఆగిపోయాయి. వరిని పచ్చిగానే కోసి బర్రెలకు వేశాం. మా మరిది చాలా రోజులు అన్నతో మాట్లాడలేదు. అతనిది తప్పనను. అతనికీ అదే పొలం, అదే తిండి. బస్తాలు అలాగే వదిలేసి వచ్చి ఉంటే వరి పండేదేమో. ఆ బియ్యం నేను ఎసట్లో పోయగలిగేదాన్నా అంటే, చెప్పలేను.