ఆకమ్మ ఎడమ కన్ను

ఆ వీధిలో కొన్నాళ్ళపాటు ఒక మాట తిరిగింది. మూల మీది కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఆవిడ, సొంత అన్న మీద కక్షతో, ఆయన ప్రాణంగా చూసుకునే పెంపుడు కప్ప కన్ను పొడిచేసిందట. ఇస్త్రీ చేసే ఆయన దగ్గర బయల్దేరినప్పుడు ఆ మాట "కంట్లో ఏదో పోసిందట" అనేంతవరకే ఉంది. పాల కొట్టు దాటేసరికి దానికి సూది తోడయింది. మేడమీది టీచరమ్మ చెవిన పడేసరికి రెండు కళ్ళూ పోయాయి.

"నోరులేని కప్పనే వదల్లేదు, మనల్ని వదుల్తుందా తల్లీ!" అంటూ టీచరమ్మ తన కళ్ళజోడు మరమ్మతుకి రెండు వీధుల అవతలికి వెళ్ళొచ్చింది కూడా. అన్న ఇక ఆమెని గడప తొక్కనివ్వడట అన్నది ఆ కథకి అందరూ కలిసి పెట్టుకున్న ముగింపు.

షాపులో ఆమెని భూతద్దం అని పిలుస్తారు. ఇరవై ఏళ్ళుగా ఒకటే బల్ల, ఒకటే మిషను. అద్దం మీద వెంట్రుకలో సగం మందం గీత ఉన్నా ఆమె కన్ను పట్టేస్తుంది. మరక కనబడితే మాత్రం చెయ్యి ఊరుకోదు. బస్సు కిటికీ తుడుస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎదుటివాళ్ళ ముక్కు మీంచి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. సంచిలో ఎప్పుడూ ఒక మెత్తటి గుడ్డ, షాపువాళ్ళు అద్దాలకి వాడే నీలం మందు సీసా ఒకటి ఉంటాయి.

అన్నతో మాటలు ఆగిపోయింది కూడా ఆ గుడ్డ వల్లే. ఏడాదిన్నర కింద వదిన పోయిన వారానికి, అన్న పనికి వెళ్ళిన పూట, పాపం ఒక్కడూ ఎలా చేసుకుంటాడని ఆమె ఆ ఇల్లంతా కడిగింది. దుప్పట్లు, దిండు గలీబులు ఉతికి ఆరేసింది. బీరువా అద్దం తళతళలాడేలా తుడిచింది. సాయంత్రం అన్న వచ్చి దిండు ముఖానికి ఆనించుకున్నాడు. సబ్బు వాసన వచ్చింది. లేచి బీరువా దగ్గరికి వెళ్ళాడు. తలుపు మూసేటప్పుడల్లా వదిన చెయ్యి ఆనించే చోట, ఆ అయిదు వేళ్ళ ముద్రలూ లేవు.

"ఎవరు తుడవమన్నారే నిన్ను?" అన్నాడు. అంతే. ఆ తరవాత ఎదురుపడితే తలూపేవాడు, మాట్లాడేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక పొద్దున గాజు పెట్టె మోసుకుని ఆమె గది ముందు నిలబడ్డాడు. లిఫ్టులు బిగించే పని ఆయనది. పై ఊళ్ళో పది రోజుల పని పడింది.

"ఇంకెవరూ లేరు" అన్నాడు పెట్టె కింద పెడుతూ. "ఇది ఒక్కటే మిగిలింది నాకు. జాగ్రత్త."

పెట్టెలో కొమ్మకి అతుక్కుని ఆకమ్మ ఉంది. వేళ్ళ చివర గుండ్రటి మెత్తలున్న, అరచేతిలో పట్టే పచ్చటి చెట్టుకప్ప. ఆరేళ్ళ కింద ఎవరో వద్దనుకుంటే వదిన తెచ్చుకుని, ముడుచుకుని కూర్చుంటే ఆకులా ఉందని ఆ పేరు పెట్టింది. పెట్టెతో పాటు అన్న ఒక కాగితం ఇచ్చాడు. వదిన చేతిరాత. రోజు విడిచి రోజు నాలుగు కీచురాళ్ళు. నీళ్ళు ఒక రోజు నిలవ పెట్టాకే పొయ్యాలి. రెండు పూటలా తడి చిలకరించాలి. గాజు తుడవడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. వదిన రాయడం మరిచిపోయినట్టుంది అనుకుంది ఆమె.

ఆ సాయంత్రమే గాజు నాలుగు పక్కలా, లోపలా బయటా, నీలం మందు కొట్టి, గుడ్డతో మెరిపించింది. రోజూ అదే చేసింది. కొమ్మ దిగి వచ్చి గాజుకి అతుక్కున్న ఆకమ్మ పొట్ట, ఆ పొట్టకింద గుండె కొట్టుకోవడం కూడా కనబడేవి. ఇంత శుభ్రంగా ఇది ఎప్పుడూ ఉండి ఉండదని మనసులో చిన్న గర్వం.

నాలుగో రోజు ఆకమ్మ ఎడమ కన్ను సగమే తెరిచింది. అయిదో రోజుకి ఆ కంటి మీద, చలికి అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలాంటి తెల్లటి పొర కనబడింది.

సాయంత్రం ఫోను మోగింది.

"ఎలా ఉంది?"

"బాగుంది అన్నయ్యా."

"తింటోందా?"

"ఆఁ... తింటోంది."

ఆమె చేతిలోని పటకారు చివర కీచురాయి ఇంకా కాళ్ళు కొట్టుకుంటూనే ఉంది. ఆకమ్మ దాన్ని రెండుసార్లు నోట్లోకి తీసుకుని, రెండుసార్లూ వదిలేసింది.

మర్నాడు పశువుల డాక్టరమ్మ దగ్గర బెంచీ మీద అన్నీ కుక్కలు, పిల్లులు. ఆమె ఆకమ్మని పెట్టి తెచ్చిన టిఫిను డబ్బా మూత తీసి చూసి ఓ కుక్క యజమాని "మీ టిఫిను దూకేస్తుందండీ" అని నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

డాక్టరమ్మ చేతులకి తొడుగులేసుకుని, వాటిని తడిపి, ఆకమ్మని పట్టుకుంది. కంట్లో ఒక రంగు చుక్క వేసి నీలం లైటు పెట్టింది. తెల్లపొర మధ్యలో సన్నటి పచ్చ గీత మెరిసింది. డాక్టరమ్మ చూపించక ముందే ఆమె చూసింది.

"గీత పడింది" అంది. షాపులో ఆ మాటకి ఒకటే అర్థం. ఆ అద్దం ఇక పనికిరాదు, మార్చాలి.

"పుండు అంటాం మేం. ఇది షాపులో అద్దం కాదండీ, బతికున్న కన్ను. మనం చెడగొట్టకుండా ఉంటే దానంతటదే పూడుకుంటుంది. ఈ చుక్కలు రోజుకి మూడుసార్లు. ఇంట్లో మనుషుల కంటి మందులుంటాయి చూడండి, అవి మాత్రం పొరపాటున కూడా వెయ్యకండి."

"తినట్లేదండీ."

"కప్ప మింగేటప్పుడు కళ్ళు లోపలికి దించి, వాటితోనే తిండిని కిందికి తోస్తుంది. కన్ను నొప్పిగా ఉంటే ఎలా మింగుతుంది? ఇంకో అయిదారు రోజులు ఓర్చుకుంటుంది. అంతకు మించితే కష్టం." డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. "పెట్టెలో మందులూ గట్రా ఏమైనా కొడుతున్నారా? దాని తోలు ఉల్లిపొరలా ఉంటుంది. నీళ్ళు కూడా నోటితో తాగదు, ఒంటితోనే తాగుతుంది."

"ఏమీ కొట్టనండి. చాలా శుభ్రంగా ఉంచుతాను."

అబద్ధమని ఆమెకి తెలీదు. అద్దం తుడవడం ఆమె లెక్కలో ఒక పని కాదు, ఊపిరి తీసుకోవడం లాంటిది. ఊపిరి తీస్తున్నారా అని డాక్టరమ్మ అడిగితే కదా చెప్పడానికి.

చుక్కలు వెయ్యడం మాత్రం ఆమె చేతికే చెల్లింది. తడి వేళ్ళతో పట్టి, చుక్క సరిగ్గా గీత మీదే పడేలా వేసేది. వేశాక, పొర ఎంత తగ్గిందో బాగా కనబడాలని పెట్టె గాజుని ఇంకోసారి మెరిపించేది.

ఏడో రోజుకి పొర చిక్కబడింది. కుడి కన్ను కూడా నీరు కారడం మొదలుపెట్టింది. ఆకమ్మ పచ్చరంగు మట్టిరంగుకి తిరిగింది. ఆ సాయంత్రం ఫోను మోగుతుంటే ఆమె చాలాసేపు దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి, ఇంతసేపు?"

"చేతులు తడిగా ఉన్నాయి అన్నయ్యా."

"ఎలా ఉంది?"

"బాగుంది."

"మీ వదిన రోజూ దానికి ఏదో ఒకటి చెప్తూ ఉండేది. నువ్వూ నాలుగు మాటలు చెప్పు. మూగదానివి కాదుగా."

ఏడాదిన్నరలో అన్న ఆమెతో అన్ని మాటలు కలిపి అనడం అదే మొదలు. ఫోను పెట్టేశాక ఆమె పెట్టె ముందు కూర్చుంది. ఏం చెప్పాలో తోచలేదు. "నువ్వు పోకు" అంది చివరికి.

ఎనిమిదో రోజు షాపులో ఒక అద్దానికి నీలం మందు కొట్టి తుడుస్తుంటే వేళ్ళు చుర్రుమన్నాయి. చెయ్యి విదిలించుకుంది. పక్క బల్ల మీద ఫ్రేములు బిగించే పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"మళ్ళీ పగిలాయా? తొడుగులేసుకోవే అమ్మాయ్ అంటే వినవు. అందులో స్పిరిట్టుంది, సబ్బుంది, ఇంకా ఏం కలిపి చచ్చారో ఎవడికి తెలుసు! నీది మొద్దు తోలు కాబట్టి సరిపోయింది. పల్చటి తోలయితే ఈపాటికి ఊడొచ్చేది."

ఆమె తన వేళ్ళ చివరలు చూసుకుంది. ఎర్రగా, సన్నగా చీలి ఉన్నాయి. అద్దంలో ఏ గీతనైనా పట్టే కళ్ళు తన చేతి మీది గీతల్ని ఇన్నేళ్ళుగా చూడలేదు.

ఉల్లిపొర తోలు. ఒంటితో తాగే నీళ్ళు. రాత్రంతా గాజుకి అతుక్కుని ఉండే పొట్ట, వేళ్ళు. ఆ వేళ్ళతోనే అది కళ్ళు తుడుచుకుంటుంది.

"బాబాయ్" అంది. "నేనే."

"ఏంటి నువ్వే?"

ఆమె లేచింది. మిషను తిరుగుతూనే ఉంది. "భూతద్దం! ఇక్కడ కస్టమరు కూర్చున్నారమ్మా!" అని ఓనరు కౌంటరు దగ్గర్నుంచి అరుస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆమె మిషను ఆపకుండా బల్ల వదలడం అదొక్కసారే.

గదికి చేరి ముందు నిలవ నీళ్ళతో ఆకమ్మని కడిగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. అది ఎగరలేదు. చేతిలో తడి గుడ్డపీలికలా ఉంది. ఫోను తీసి డాక్టరమ్మకి అంతా చెప్పింది.

"మంచిపని చేశారు, ఇప్పుడైనా చెప్పారు. ఆ పెట్టె జోలికి పోకండి. కొత్త డబ్బా తీసుకుని మూతకి చిల్లులు పెట్టండి, అడుగున తడి కాగితం వెయ్యండి. చుక్కలు అవే. ఇక చెయ్యాల్సింది ఒకటే, దేన్నీ తుడవకండి."

తుడవకుండా ఉండడం ఆమెకి మందు వెయ్యడం కన్నా కష్టమైంది. గంట తిరిగేసరికి డబ్బాకి లోపల ఆవిరి పట్టేసింది. ఆకమ్మ ఒక మసక ఉండలా మాత్రమే కనబడుతోంది. ఉందో పోయిందో తెలీదు. చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళి గుడ్డ పట్టుకుంది. ఆమె ఆ గుడ్డనీ, సీసానీ తీసుకెళ్ళి పక్కింటావిడ చేతిలో పెట్టింది.

"ఎన్నిసార్లడిగినా నాకివ్వకండి."

"ఏమైంది నీకు?" అని పక్కింటావిడ నోరు తెరిచింది.

తరవాత రెండు రోజులూ ఆమె ఆ మసక డబ్బా ముందు తన చేతుల మీద తనే కూర్చుంది. చుక్కల వేళకి మూత తీసినప్పుడే కన్ను చూడడం. తొమ్మిదో రోజు కుడి కంట్లో నీరు ఆగింది. ఎడమ కన్ను మీద పొర అంచులు కొంచెం పల్చబడ్డట్టు అనిపించింది. అనిపించడం అంటే ఆమెకి నమ్మకం లేదు. కీచురాయిని చూపిస్తే ఆకమ్మ తల తిప్పుకుంది.

పదో రోజు పొద్దున్నే అన్న వచ్చాడు. ఖాళీగా ఉన్న గాజు పెట్టెని చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బతికే ఉంది" అంది ఆమె గబగబా. "ఈ డబ్బాలో ఉంది. తెరవకు అన్నయ్యా. ముందు నే చెప్పేది విను."

అంతా చెప్పింది. నీలం మందు, గీత, డాక్టరమ్మకి తను చెప్పిన మాట, ఏదీ దాచలేదు. అన్న గోడకి ఆనుకుని వింటున్నాడు.

"ఫోనులో బాగుందన్నావు."

"అబద్ధం చెప్పాను."

"రోజూ?"

"అయిదో రోజు నుంచి రోజూ."

అన్న కాగితం కోసం వెతికి, వదిన చేతిరాతని పైనుంచి కిందిదాకా చదివాడు. "ఇందులో ఎక్కడైనా తుడవమని ఉందా?"

"లేదు. మరిచిపోయిందనుకున్నాను."

"మీ వదిన ఏదీ మరిచిపోయే మనిషి కాదు."

చుక్కల వేళయింది. ఆమె మూత తీసింది. అన్న వంగి చూశాడు. ఆకమ్మ ఎడమ కన్ను సగం తెరిచి ఉంది. తెల్లపొర కింద నల్లటి పాప తెలుస్తోంది.

"ఇలా ఇవ్వు, నేనేస్తాను" అని మందు సీసా లాక్కున్నాడు. మనుషుల్ని మోసే తాళ్ళు బిగించే చెయ్యి, ఆకమ్మ మీదికి వచ్చేసరికి వణికింది. చుక్క ముక్కు మీద పడింది. రెండోది బల్ల మీద పడింది. సీసా తిరిగి ఆమె వైపు జరిపాడు.

"నువ్వే వెయ్యి."

ఆమె వేసింది. చుక్క వెళ్ళి గీత మీద కూర్చుంది.

కాసేపాగి పటకారుతో కీచురాయిని అందించింది. ఆకమ్మ చూసింది. ఎంతసేపు చూసిందంటే ఆమె ఇక చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అప్పుడు నాలుక వచ్చి వెళ్ళింది. కీచురాయి కాలొకటి పెదవి బయట మిగిలింది. ఆకమ్మ రెండు కళ్ళూ మూసింది. అవి మెల్లగా తలలోకి దిగిపోయాయి, ఎడమది కొంచెం ఆలస్యంగా. మళ్ళీ పైకి వచ్చేసరికి ఆ కాలు లేదు.

అన్న అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇంకా ఎన్నాళ్ళు వెయ్యాలట?"

"పన్నెండు రోజులు."

"రోజుకి మూడుసార్లంటే నువ్వే రావాలి చిన్నీ. నా చెయ్యి చూశావుగా."

ఆ పన్నెండు రోజులూ ఆమె షాపుకి ముందోసారి, మధ్యాహ్నం ఓసారి, షాపు మూశాక ఓసారి అన్న ఇంటికి పరుగెత్తింది. ఇస్త్రీ చేసే ఆయన బల్ల ఆ ఇంటి కిటికీకి ఎదురుగానే ఉంటుంది. ఆయన చూసినది నిజమే, ఆమె కప్ప కంట్లో పొయ్యడమే ఆయన చూశాడు. అంతకు ముందేం జరిగిందో, తరవాతేం జరిగిందో ఇస్త్రీ బట్టల మధ్యలోంచి కనబడదు.

ఆకమ్మ ఎడమ కంట్లో ఇప్పటికీ ఒక చుక్కంత తెల్లమచ్చ ఉంది. భూతద్దానికి తప్ప ఇంకొకరికి కనబడదు.

గాజు పెట్టెని ఆదివారం ఆదివారం కడిగేది కూడా ఆమే. వట్టి నీళ్ళతో కడుగుతుంది. అంతసేపూ అన్న ఆకమ్మని తడి చేతుల్లో పట్టుకుని పక్కన కూర్చుంటాడు.