బుల్లెట్ రైల్లో తువ్వాలు

నందిగామ బస్టాండులోకి వచ్చిన బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టడంలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో లేడు. విజయవాడ బస్సులో ఒక్క విసురుకే ఆరు సీట్లు పట్టానని జగ్గయ్యపేటలో చాలామందికి చెప్పాను. ఆరు కాదు, రెండు. అందులో ఒకటి పోట్లాటలో పోయింది.

ఆ ధైర్యంతోనే ఎనభైల్లో జపాన్ వెళ్లాను. నాకు పేటలో, మా అక్క మొగుడికి నందిగామలో ఆయిలింజన్ల షాపులుండేవి. సరుకు బాగా అమ్మామని కంపెనీ వాళ్లు మిగతా డీలర్లతో పాటు మా ఇద్దరినీ ఫ్యాక్టరీ చూడ్డానికి పంపారు. టోక్యోలో దిగేసరికి బావ మోకాలు వాచింది. మిగతావాళ్లు ఫ్యాక్టరీ ఉన్న ఒసాకా వెళ్లిపోయారు. మేం ఒక రోజు ఆగి బుల్లెట్ రైలుకు బయల్దేరాం. మాది సీటు నంబరు లేని టికెట్టు. బావ భయం ఒక్కటే: మూడు గంటలు నిలబడితే కాలు మళ్లీ వాస్తుంది, ఇంత దూరం వచ్చీ ఫ్యాక్టరీ చూడకుండా హోటల్లో పడుకోవాలి.

"సీటు దొరుకుద్దంటావా?" అన్నాడు.

"నేనుండగా నీకెందుకు బావా దిగులు!"

తీరా చూస్తే ఆ రైలు కిటికీలు తెరుచుకోవు. జనం గీత గీసినట్టు వరసలో నిలబడ్డారు. తలుపు తెరవగానే నేను పక్కనుంచి దూరి, మొదటి రెండు సీట్ల మీద తువ్వాలు పరిచి, బావ కోసం వెనక్కి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి పెట్టె నిండిపోయింది. మా సీట్లలో ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన లేచి, చక్కగా మడిచిన నా తువ్వాలును రెండు చేతులతో అందించి నడుం వంచాడు. పాపం, ఎవరో మర్చిపోయిన వస్తువనుకున్నాడు. ఇంగ్లీషులో దబాయించానని తర్వాత మా అక్కతో చెప్పాను గానీ, నిజానికి నేనూ వంగాను. ఆయన మళ్లీ వంగాడు. నేనూ మళ్లీ వంగాను.

"ఒరే, మీ వంగడాలయ్యేలోపు ఒసాకా వచ్చేట్టుంది. నా కాలి సంగతి చూడరా!" అన్నాడు బావ, తలుపు పక్కన గోడకానుకుని.

రైలు కదిలింది. టోపీ పెట్టుకున్న కండక్టరు వస్తే బావ మోకాలు చూపించాను. ఆయన పక్క పెట్టె వైపు చెయ్యి చూపించాడు. బావను మెల్లిగా నడిపించుకెళ్లాను. సగం పెట్టె ఖాళీ! మన బస్సు అలవాటు కదా, మొదట కనబడ్డ తలుపు దగ్గరే యుద్ధం చేశాను. దీనికి ఇంకో పెట్టె ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

బావ మూడు సీట్ల వరసలో కాలు బారజాపాడు.

"సీటు తెచ్చింది నా మోకాలు. నీ తువ్వాలు కాదు."

"నడిపించుకొచ్చింది ఎవరో!"

ఆ రైలు నేలను వదిలి పోయిందని పేటలో చెప్పాను. వదల్లేదు. కానీ పొలాలు, ఇళ్లు చూసేలోపు వెనక్కి పోతున్నా, బావ చేతిలో కాఫీ తొణకలేదు. అది మాత్రం ఒట్టు.

ఒసాకాలో బావ నాకంటే ముందు దిగాడు. ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, ప్రతి ఇంజను దగ్గరా ఆగి చూశాడు. కాసేపు కూర్చుందాం బావా అని బతిమాలింది నేనే.