ఒకే గడప, రెండు పొయ్యిలు

“...నా తమ్ముడి భార్యని పరాయిదని రాయనా? ఆదివారం చర్చిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అంటోంది డెల్ఫియా.

“పరాయిదని ఎవరన్నారు వదినా? వేరుగా వండుకుంటానని రాయమంటున్నాను,” అంది ఓర్ఫా.

కెంటకీ కొండల్లో మాది చిన్న లైబ్రరీ. పేదవాళ్ళకి ప్రభుత్వం రాయితీ మీద ఇప్పించే ఫోన్‌కి అర్జీలు నా బల్ల దగ్గరే నింపుతాం. ఓర్ఫాకి తిండి సరుకుల కోసం ప్రభుత్వమిచ్చే ఫుడ్ స్టాంపుల కార్డు ఉంది. అర్హతకి అదొక్కటి చాలు. కానీ కుటుంబానికి ఒకటే ఫోన్. డెల్ఫియాకి అది ముందే ఉంది. ఒకే ఇంట్లో ఉన్నా రాబడి, ఖర్చులు వేరైతే రెండు కుటుంబాల కిందే లెక్క. ‘రాబడి, ఖర్చులు కలిసే ఉంటాయా’ అన్న చోట కిందటి నెల డెల్ఫియా పట్టుబట్టి అవునని రాయించింది. అర్జీ తిరిగొచ్చింది.

ఓర్ఫాకి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాన్ డ్రైవరు బయల్దేరే ముందు డెల్ఫియా నంబరుకి ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే రాడు. మొన్న సోమవారం డెల్ఫియా తన ఫోన్‌తో బడి వంటశాలలో పనికి వెళ్ళిపోయింది. వ్యాన్ రాలేదు. మర్నాటికి ఓర్ఫా పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు.

“ఇద్దరూ కలిసే తింటారా?” అని అడిగాను.

“దీని చిక్కుడు గింజల్లో ఉప్పే ఉండదు. ఎవరు తింటారమ్మా?” అంది డెల్ఫియా.

“ఆవిడ వంటలో ఉప్పు తప్ప ఇంకేమీ ఉండదు,” అంది ఓర్ఫా. “నా గదిలో నాకో పొయ్యి ఉందిలే. సరుకులు నా కార్డు మీదే తెచ్చుకుంటాను.”

“మరి ఆ గది ఊరికే ఇచ్చారా?”

పక్క బల్ల దగ్గర పాస్టరు గారి భార్య పేపరు తిప్పడం ఆపింది.

ఓర్ఫా సంచీ అందుకుని లేచింది. “మా ఆయన ఎల్డన్ పోయాక నన్ను రమ్మన్నది ఈవిడొక్కతే. నా మంచం తనే మోసుకొచ్చింది. జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. ఆ మేలు మరిచిపోయి ఈవిణ్ణి నలుగురిలో దోషిలా నిలబెట్టను. ఫోన్ లేకపోతే మానె. పద వదినా.”

డెల్ఫియా ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది. నా వైపు తిరిగింది.

“ప్రతి నెలా ఒకటో తారీఖున దీని దగ్గర అద్దె తీసుకుంటున్నాను,” అంది, పక్క బల్లకి కూడా వినపడేలా. “అదే రాయి.”